యద్దాకు పెట్టిన పేరు

దుబాయ్ ఇళ్ళల్లో పనిచేసే మావాళ్ళకు ఒక అలవాటుంది. యజమానులకు తెలుగులో మారుపేర్లు పెట్టుకుంటాం. అసలు పేరు పలికితే వాళ్ళు చటుక్కున ఇటు చూస్తారు. మారుపేరైతే వాళ్ళ ఎదురుగానే నిలబడి, పళ్ళేలు తుడుస్తూ, వాళ్ళ గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. దుబాయ్‌లోని నైఫ్ పేటలో మా పక్కింట్లో వంటచేసే రాజమండ్రి ఆవిడ తన యజమానిని 'ఉప్పుబస్తా' అనేది. నేను పనికి కుదిరేసరికే మా మేడమ్‌కి 'కలెక్టరమ్మ' అనే పేరు స్థిరపడి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. ఒకరి తర్వాత ఒకరు పనికి వచ్చినవాళ్ళు చీపురుతోపాటు ఆ పేరు కూడా అప్పగించి వెళ్ళారు.

నేను సొంతంగా పెట్టిన పేరు ఒక్కటే. ఎనభైల మొదట్లో, రాస్ అల్ ఖైమాలో, మేడమ్ వాళ్ళ అమ్మకి పెట్టాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ డైరీలో కూడా సరిగా రాసుకోలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మాది నరసాపురం దగ్గర. ఇంటర్ పాసయ్యాక చదువు ఆగిపోయి, మేడమ్ వాళ్ళ నాలుగేళ్ళ పాపని చూసుకోవడానికి ఆయాగా వచ్చాను. చదువుకున్నానని ఎవరికీ చెప్పొద్దని ఏజెంటు మరీమరీ చెప్పాడు. చదువుకున్న పనిమనిషంటే ఇళ్ళల్లో నమ్మరట. చెప్పకపోవడం నాకేమీ కష్టం కాలేదు. నలుగురిలో నోరు తెరవడమే నాకు కష్టం. అందరూ పడుకునే మధ్యాహ్నాలు పాత వారపత్రికలు చదువుకునేదాన్ని, డైరీ రాసుకునేదాన్ని. డైరీ ఎవరో బ్యాంకువాళ్ళు మేడమ్ భర్తకి ఇచ్చింది. అరబ్బీది కాబట్టి కుడి నుంచి తెరుచుకునేది. నేను ఎడమ నుంచి రాసేదాన్ని. నా జనవరి వాళ్ళ డిసెంబరు పేజీల్లో పడేది.

ఆ చలికాలం పాపకి అమ్మమ్మని చూపించడానికి మేడమ్ రెండు వారాలకని పుట్టింటికి బయల్దేరింది. నన్నూ తీసుకెళ్ళింది. దారి పొడవునా ఎడారి, అక్కడక్కడ ఒంటెలు. ఊరు దగ్గరపడేసరికి కుడివైపు కొండలు లేచాయి. దుబాయ్‌లో కొండ అనేదే చూడని నాకు కళ్ళు అటే అతుక్కుపోయాయి. ఊరేమో సముద్రంలోకి చాచిన నాలుకలాంటి ఇసుక దిబ్బ మీద ఉంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పాయ. పాయలో చెక్క లాంచీలు. ఒడ్డున ఎండుచేపలు. కారు అద్దం దించగానే ఆ వాసనకి అంతర్వేది తీర్థానికి పోయినట్టయింది.

పెద్దావిడ ఇల్లు పాయ ఒడ్డున, పాత ఊళ్ళో ఉంది. సముద్రపు రాయి, సున్నం కలిపి కట్టిన ఇల్లు. పెరటి మూలన గుండ్రటి కావలి బురుజు, దాని గోడలో తుపాకీ గొట్టం పట్టేంత సన్నటి కన్నాలు. సగం కూలిన ఆ బురుజుకి మరమ్మతు జరుగుతోంది. ఆవిడ ముఖానికి అక్కడి ముసలివాళ్ళు కట్టుకునే బురఖా ఉండేది. ముక్కుమీదా నోటిమీదా అడ్డంగా పట్టీలున్న మెరిసే నీలి తొడుగు. ఆ నీలిరంగు చెమటకి కరిగి ముక్కు కొనకి అంటుకునేది. కళ్ళు తప్ప ఏమీ కనబడేవి కావు. పాప ఆవిణ్ణి యద్దా అని పిలిచేది, అంటే వాళ్ళ మాటలో అమ్మమ్మ. మనసులో నేనూ యద్దా అనే అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో వంట చేసేది రాజోలు వైపు ఆవిడ. నలభై అయిదేళ్ళుంటాయి. నేను పిన్నీ అనేదాన్ని. ఆరేళ్ళుగా అక్కడే ఉంది. జాకెట్టు లోపల సిలువ, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక కీర్తన. మొదటిరోజే వంటింట్లో కూర్చోబెట్టి పులుసన్నం పెట్టి తన సంగతి చెప్పింది.

"మా పెద్దదానికి ఎనిమిదో నెల వచ్చిందే. తొలికాన్పు పుట్టింట్లో చెయ్యాలి కదా. నేనిక్కడ గరిటె తిప్పుకుంటూ ఉంటే అదెవరి దగ్గర కంటుంది?"

"సెలవు అడగలేకపోయావా పిన్నీ?"

"అడిగేది ఎవర్నే? పెద్దావిడ కొడుకుని. ఆయనే కదా నా కఫీల్, నా వీసా ఆయన పేరు మీదే. పాస్‌పోర్టు ఆయన ఇనప్పెట్టెలో ఉంది. ఆయనేమో నా మొహం కూడా చూడడు. మామా చెప్తే వింటాడు. ఈ వారంలో మంచి సమయం చూసి మామాని అడుగుతాను. ఆవిడ కాదనదు."

అక్కడ పనివాళ్ళు ఇంటి పెద్దావిడని మామా అంటారు. పిన్ని ఆ మాట అనేటప్పుడు గొంతులో చనువు ఉండేది. మధ్యాహ్నం యద్దా కాళ్ళు పడుతూ ఇద్దరూ హిందీలో కబుర్లు చెప్పుకోవడం నేను చూశాను. యద్దాకి హిందీ నాకంటే బాగా వచ్చు. చిన్నప్పుడు తండ్రి ముత్యాల వ్యాపారం మీద బొంబాయిలో ఉంటే, ఆవిడా అక్కడే పెరిగిందట.

"మామాకి ఏం పేరు పెట్టావు పిన్నీ?" అని అడిగాను.

"ఏ పేరూ లేదు."

"ఆరేళ్ళలోనా?"

"పెట్టాలనిపించలేదే" అంది, చింతపండు పిసుకుతూ.

ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది.

మర్నాడు అతిథుల గదిలో దుమ్ము దులుపుతుంటే కొడుకు తాలూకు ఇంగ్లీషు పుస్తకం ఒకటి కనిపించింది. పెద్ద పుస్తకం, రంగు బొమ్మలతో. ఒక బొమ్మలో ఇదే ఊరు. ఇదే ఇసుక నాలుక, బురుజులు, వాటిమీదికి నిప్పులు కక్కుతున్న తెల్లవాళ్ళ ఓడలు. చీపురు గోడకి ఆనించి చదవడం మొదలుపెట్టాను. ఒకప్పుడు ఈ తీరాన్ని ఇంగ్లీషువాళ్ళు తమ పటాల మీద దొంగల తీరం అని రాసుకున్నారట. ఇక్కడివాళ్ళు ఓడల్ని పట్టుకుని దోచేవారట. ఓడదొంగలకి ఈ ఊరే ముఖ్య స్థావరమట. బొంబాయి నుంచి యుద్ధనౌకలు వచ్చి ఊరిని తగలబెట్టి, కోటలు పడగొట్టి, పడవలన్నీ కాల్చి, షేకుల చేత సంతకాలు పెట్టించుకుని వెళ్ళాయట.

"పఢ్‌నా ఆతా హై?"

వెనక యద్దా నిలబడి ఉంది. చదవడం వచ్చా అని అడుగుతోంది. పుస్తకం మూసేశాను. అబద్ధం చెప్పడానికి చాలా ఆలస్యమైంది. తలూపాను.

ఆవిడ కోప్పడలేదు. పుస్తకం తీసుకుని పాయ వైపు అరుగు మీదికి రమ్మంది. తన చాప మీద పక్కనే కూర్చోమంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆ దేశంలో యజమానుల చాప మీద నేను కూర్చోలేదు. "మా ఊరి బొమ్మ ఉందని కొడుకు చూపించాడు. ఏం రాశారో చదివి చెప్పడానికి వాడికి తీరిక ఎక్కడ? నువ్వు చెప్పు" అంది.

చదివి హిందీలో చెప్పాను. ముత్యాల కోసం మునిగేవాళ్ళ గురించి, ఖర్జూరపు తోటల గురించి, ఈ ఊరి నావికులకి ఏ చుక్క చూసి ఎటు పోవాలో తెలియడం గురించి. ఓడదొంగల పేజీలు రాగానే రెండేసి పేజీలు కలిపి తిప్పేశాను. ఆవిడ నొచ్చుకుంటుందని తిప్పానని అప్పుడు అనుకున్నాను. నన్ను చాప మీంచి లేపేస్తుందనే భయం కూడా అందులో ఉంది. మూడు రోజులు అలా సాయంకాలపు నమాజు ముందు నన్ను పిలిపించుకుంది. మేడమ్ కూడా, "మా అమ్మకి నువ్వు నచ్చావే" అంది. ఆ రాత్రుల డైరీ పేజీలు ఇప్పుడు చూస్తే ఒకటే పొగడ్త, నన్ను నేనే.

దాటేసిన పేజీలు వంటింట్లో పిన్నికి చెప్పాను. చెప్పి, "మనం ఓడదొంగల ఇంట్లో ఉన్నాం పిన్నీ. యద్దా పెద్ద ఓడదొంగ. ఆ ముసుగు చూడు, ఆ కళ్ళు చూడు. ఓడ ఒక్కటే తక్కువ" అన్నాను.

పిన్ని పొయ్యి దగ్గర కూలబడి నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "నోట్లో నాలుక లేనిదానివనుకున్నాను, ఎంత మాటన్నావే" అంది. నా మాటకి ఇంకో మనిషి అలా నవ్వడం నాకు అలవాటు లేదు. ఆ నవ్వు మళ్ళీ వినాలని అనిపించింది. తర్వాత రోజంతా అదే పేరు వాడాను. ఓడదొంగ లేచిందా, ఓడదొంగకి టీ ఇచ్చావా, ఓడదొంగ ఇవాళ ఎవరి ఓడ మీద పడుతుందో. పిన్ని మొదట నవ్వింది, తర్వాత "ఊరుకోవే" అంది, తర్వాత అలవాటుపడి తనూ ఒకటి రెండుసార్లు అంది.

పాప ఎప్పుడూ నా కొంగు పట్టుకునే ఉంటుందని, ఏడాదిగా నాతో తెలుగులోనే ముద్దుముద్దుగా మాట్లాడుతోందని నాకు తట్టలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరి ముందూ, పాప వెళ్ళి అమ్మమ్మ ఒళ్ళో ఎక్కి ఆవిడ గడ్డం పట్టుకుని "ఓదొంగా" అంది. మేం ఇద్దరం యద్దాని అలా పిలుస్తున్నాం కాబట్టి తెలుగులో అమ్మమ్మని అలాగే అంటారనుకుంది పిల్ల.

యద్దా నా వైపు చూసింది. "ఇది మీ భాషా? ఏమంటోంది?"

"అమ్మమ్మ అంటోంది" అన్నాను.

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. పిన్ని చేతిలోని అన్నం పళ్ళెం కిందపెట్టి నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

యద్దా మురిసిపోయింది. మనవరాలు తనకి ఇంకో భాషలో పేరు నేర్చుకొచ్చిందని పక్కిళ్ళ ఆడవాళ్ళకి చెప్పింది. వాళ్ళు ఖర్జూరాలూ కాఫీ తీసుకుంటూ ఆ మాట పలకడానికి ప్రయత్నించి నవ్వారు. యద్దా తనే వాళ్ళకి నేర్పింది, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అన ఓదొంగా." అంటే, నేను ఓదొంగని. ఆ గదిలో కాఫీ పోస్తూ తిరుగుతున్న నాకు చేతిలో కూజా బరువెక్కింది.

శనివారం మమ్మల్ని కోట చూపించడానికి తీసుకెళ్ళింది. పాపని నేను ఎత్తుకున్నాను, పిన్ని గొడుగు పట్టింది. ఊరి కోట అప్పట్లో పోలీసుల చేతిలో ఉంది. లోపల జైలు కూడా ఉందన్నారు. అందుకని బయటి నుంచే చూశాం. తెల్ల సున్నం గోడలు, గాలి కోసం కట్టిన గోపురం, పాత ఫిరంగులు రెండు ఇసుకలో మూతులు పెట్టుకుని పడున్నాయి.

"ఓడదొంగల కోటలో ఇప్పుడు మామూలు దొంగలున్నారన్నమాట" అంది పిన్ని నెమ్మదిగా. నవ్వబోయి ఆగిపోయాను. యద్దా కోట గోడ మీద అరచెయ్యి ఆనించి పాపకి ఏదో చెబుతోంది. నాలుగు మాటలు నాకూ అర్థమయ్యాయి. ఇది పడగొట్టారు, మళ్ళీ కట్టాం. పడగొట్టారు, మళ్ళీ కట్టాం. పాప ఆ గోడకేసి చూసి "ఓదొంగా" అంది గట్టిగా. యద్దా కాపలా పోలీసుకి కూడా ఆ మాట అర్థం చెప్పింది, నేను చెప్పిన అర్థమే.

తిరిగొచ్చేటప్పుడు పిన్ని నా పక్కన నడిచింది. "నువ్వెళ్ళి నిజం చెప్పెయ్యి. నవ్వుతూ చెప్పు, ఆవిడా నవ్వుతుంది. ఇంకొకళ్ళు చెప్తే నవ్వదు."

"రేపు చెప్తాను పిన్నీ."

"నేనూ రేపోమాపో సెలవు అడగాలనుకుంటున్నానే. గురువారం కొడుకు బొంబాయి వెళ్తున్నాడంట, లాంచీ బేరానికి. నెల దాకా రాడు. ఈలోపు నీ గోల ఒకటి" అంది. తిట్టినట్టు లేదు. భయపడినట్టు ఉంది.

ఆదివారం చెప్పలేదు. సోమవారం చెప్పలేదు. ఆ రెండు రోజులూ ఆవిడ చాప మీద కూర్చుని చదివాను.

మంగళవారం పిన్ని ఉతికిన చీర కట్టుకుంది. ఆ సాయంత్రం అడుగుతానని చెప్పింది. యద్దా పెరట్లో చాప వేయించుకుని టీ తాగుతోంది. పిన్ని పళ్ళెంలో బిస్కట్లు తెచ్చి పక్కన కూర్చుంది. నేను కాస్త ఎడంగా పాపకి జడ అల్లుతున్నాను. బురుజు దగ్గర పరంజా పలక మీద మేస్త్రీ సున్నం పూస్తున్నాడు. జగిత్యాల ఆయన, యాభై దాటినవాడు. అంతకుముందు రెండుసార్లు మంచినీళ్ళిచ్చినప్పుడు, "మీది ఆంధ్రనా బిడ్డా?" అని మాత్రం అడిగాడు. పాప జడ సగంలో వదిలేసి అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తింది. "ఓదొంగా, ఓదొంగా." యద్దా చేతులు చాచి, "ఆ, ఓదొంగా" అంది.

మేస్త్రీ పలక మీదే నవ్వాడు. "ఏందమ్మా, గా ముసలమ్మను పట్టుకొని ఓడదొంగ అంటుండ్రు?"

"క్యా బోలా?" అంది యద్దా.

పాపం, అతనికేం తెలుసు. ఇంట్లో అందరూ ఆడుకునే ఆట అనుకున్నాడు. "కుచ్ నై అమ్మా. ఆప్‌కో జహాజ్ కా చోర్ బోల్‌రై. తెలుగు మే" అన్నాడు, తాపీ ఊపుతూ.

జహాజ్ కా చోర్. ఓడల దొంగ.

యద్దా టీగ్లాసు కింద పెట్టింది. ఆవిడ మొహంలో ఏముందో బురఖా వెనక తెలియలేదు. "యల్లా, నీ పని చూసుకో" అంది మేస్త్రీతో, మామూలు గొంతుతోనే. తర్వాత మా ఇద్దరి వైపూ తిరిగింది. "పిల్లకి ఇది ఎవరు నేర్పారు?"

పాప తిరిగొచ్చి నా ముందు కూర్చుంది. నేను జడ అందుకున్నాను. మూడు పాయలు. ఎడమది మధ్యకి, కుడిది మధ్యకి. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఎంత తక్కువ సేపైనా, నోరు తెరవడానికి చాలినంత సమయమే.

"నేనే మామా" అంది పిన్ని. "మా భాషలో దొంగ అంటే ముద్దుమాట. పసిపిల్లల్ని దొంగపిల్లా అంటాం. ప్రేమకి అంటాం."

అది అబద్ధం కాదు. మన ఇళ్ళల్లో దొంగా అని పిలిపించుకోని పిల్ల ఎక్కడుంది? కాని ఆ పేరు పెట్టినప్పుడు నా మనసులో ప్రేమ లేదని పిన్నికీ తెలుసు, నాకూ తెలుసు.

యద్దా టీగ్లాసు అక్కడే వదిలేసింది. లేచి లోపలికి వెళ్ళింది. బిస్కట్ల పళ్ళెం అలాగే ఉంది. పిన్ని దాన్ని తీసుకుని వంటింట్లోకి నడిచింది. నేను జడ చివరి దాకా అల్లి, రిబ్బను కట్టి, అప్పుడు వెళ్ళాను.

"ఎందుకు చెప్పావు పిన్నీ?"

"నువ్వు చెప్తావేమోనని చూశానే. నువ్వు జడ అల్లుకుంటున్నావు."

"ఇప్పుడెళ్ళి చెప్తాను."

"చెప్పు."

కదల్లేదు నేను. పిన్ని నా ముందు ఉల్లిపాయల బుట్ట పెట్టింది. కత్తి తీసుకుని తరగడం మొదలుపెట్టాను. "మరి సెలవు సంగతి?" అన్నాను తల దించుకునే.

"ఏ మొహం పెట్టుకుని అడగనే ఇప్పుడు? ఆవిడే పిలిచి అడగాలి" అంది. కీర్తన పాడలేదు ఆ సాయంత్రం.

బుధవారం యద్దా నన్ను చదవమని పిలవలేదు. పిన్నిని కాళ్ళు పట్టమని కూడా పిలవలేదు. గురువారం పొద్దున్నే కొడుకు పెట్టె పట్టుకుని కారెక్కాడు. పిన్ని వంటింటి కిటికీలోంచి ఆ కారు మలుపు తిరిగేదాకా చూసింది. నేను పిన్నిని చూశాను. ఆ మూడు రోజుల డైరీలో నేను రాసింది ఇంతే: గాలి ఎక్కువగా ఉంది. పాపకి జలుబు. చేపల పులుసు.

నా భయం పని పోతుందని మాత్రమే అయితే నన్ను నేను కొంత క్షమించుకునేదాన్ని. చాలామందికి ఉండే భయమే అది. నాకు అంతకంటే ముఖ్యమైంది ఆ చాప. ఆవిడ పక్కన నా చోటు. చదువుకున్న మంచి పిల్ల అని ఒక మనిషి నన్ను అనుకోవడం. దానికోసం పిన్ని సెలవుని పణంగా పెట్టాను. నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు.

శుక్రవారం మగవాళ్ళు మసీదుకి వెళ్ళాక యద్దా అరుగు మీద ఒక్కతే ఉంది. వెళ్ళి చాపకి బయట, నేల మీద కూర్చున్నాను. హిందీలో ముందే కూర్చుకున్న వాక్యాలన్నీ పోయాయి. "ఆ పేరు నేను పెట్టాను. ఆమె కాదు" అన్నాను.

"తెలుసు" అంది ఆవిడ, పాయ వైపే చూస్తూ. "ఆ రోజే తెలుసు. ఆమెకి అక్షరం రాదు. ఓడల సంగతి ఆమెకెవరు చెప్తారు? ఈ ఇంట్లో ఆ పుస్తకం చదివి, ఆమె భాష మాట్లాడేది నువ్వొక్కదానివే. నీ నోటితో చెప్తావని చూశాను. నాలుగు రోజులు పట్టింది నీకు."

పిన్ని అన్నదీ అదే మాట. చూశాను అని.

"పుస్తకం తీసుకురా" అంది.

తెచ్చాను.

"నాకు చదవకుండా తిప్పేసిన పేజీలు చదువు."

చదివాను. తలెత్తకుండా, ఒక్కో వాక్యం హిందీలోకి మారుస్తూ. చోర్ అనే మాట రెండుసార్లు గబగబా దాటించాను. మూడోసారి ఆవిడ ఆపింది. "చోర్ అనకు. చోర్ అంటే ఎవరూ చూడకుండా తీసుకునేవాడు. మావాళ్ళు జెండా ఎగరేసి, పట్టపగలు వెళ్ళేవాళ్ళు. లుటేరా అను." తప్పు దిద్దే పంతులమ్మలా అంది. లుటేరా అంటే దోపిడీగాడు. ఆ తర్వాత అలాగే చదివాను.

బొంబాయి నుంచి వచ్చిన ఓడల దగ్గరికి వచ్చాను. ఆ ఓడల్లో తెల్ల సిపాయిలతోపాటు మన దేశపు సిపాయిలు కూడా ఉన్నారని అక్కడ రాసుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం మీంచి నా కళ్ళు ఆగకుండా పోయాయి. ఇప్పుడు బయటికి చదవాల్సి వచ్చింది.

"అది నాకు పుస్తకం చెప్పక్కర్లేదు" అంది యద్దా. "మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఇళ్ళలోంచి తోటల వైపు తోలారట. తోలినవాళ్ళు చలో, చలో అన్నారట. మా అవ్వకి హిందీ రాదు. ఆ ఒక్క మాట వచ్చు. బొంబాయి వెళ్ళాక వీధిలో జట్కావాడు చలో అంటే, నేను గుక్కపట్టి ఏడ్చానట." బురఖా సర్దుకుని, "తర్వాత అలవాటైంది. నేనూ అన్నాను చలో, చాలాసార్లు" అంది.

మా ఊళ్ళో గోదావరి రేవుకి కూడా ఒకప్పుడు తెల్లవాళ్ళ ఓడలు వచ్చేవి. బట్టల కోసం వచ్చేవని చిన్నప్పటి పాఠంలో ఉంది. అందులో వాళ్ళు వర్తకులు. పరీక్షలో అలాగే రాసి పదికి పది తెచ్చుకున్నాను. ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు ఆ పది మార్కులు గుర్తొచ్చాయి.

పుస్తకం మూశాక పిన్ని సంగతి చెప్పాను. కూతురి తొలికాన్పు, ఇనప్పెట్టెలో పాస్‌పోర్టు, మంగళవారం అడగాలనుకోవడం, అన్నీ. పుట్టాక నేను నోరు తెరిచి ఇంకొకరి కోసం అడిగింది అదే మొదటిసారి.

యద్దా కళ్ళు ఆ పూట మొదటిసారి నా మీద నిలిచాయి. "ఆమె ఎందుకు నన్నడగలేదు?"

"సిగ్గుపడి."

"ఆమెకెందుకు సిగ్గు?"

దానికి జవాబు నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. నన్ను పంపేసి పిన్నిని పిలిచింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పిన్ని ఏడుస్తూ బయటికొచ్చి, "సెలవిస్తానందే. కాని తాళంచెవి కొడుకు దగ్గరే ఉంది. ఆయన రావాలి" అంది. ఫోను చేయించారు. బొంబాయిలో దొరకలేదు. మళ్ళీ చేయించారు. పని ముగియకుండా రానన్నాడట.

పిన్ని నన్ను తిట్టలేదు. మేం వెళ్ళేరోజు పాపకి నెయ్యి మిఠాయి చేసి డబ్బాలో పెట్టింది. నా చేతికిచ్చేటప్పుడు, "వెళ్ళొస్తావా" అంది. అంతే. యద్దా మేడమ్‌కి ఏమీ చెప్పలేదు. పాప మాత్రం కారు కిటికీలోంచి ఓదొంగా అని అరుస్తూనే ఉంది. నోరు మూయబోయాను. యద్దా చెయ్యి అడ్డుపెట్టింది. "పిలవనీ. అది నన్నే పిలుస్తోంది" అంది.

మళ్ళీ ఖర్జూరాలు పండే ఎండల్లో వెళ్ళాం. పిన్ని అప్పటికి ఊరికి వెళ్ళి ఉంది. ఇంకా తిరిగి రాలేదు. వంటింట్లో వేరే ఆవిడ. నాకు చాప మీదికి పిలుపు వస్తుందని నేను ఎదురుచూడలేదు. కాని రెండోరోజు యద్దా రేకు డబ్బా తెరిచి ఒక ఉత్తరం తీసింది. పిన్ని అల్లుడి చేత రాయించింది. తెలుగు చదివేవాళ్ళు లేక యద్దా దాన్ని నెల రోజులుగా నా కోసం ఉంచింది. చాప మీద చోటు చూపించింది.

"పూరా" అంది. పూర్తిగా.

క్షేమ సమాచారాలు చదివాను. ఊళ్ళో వానలు చదివాను. ఆడపిల్ల పుట్టిందని చదివాను. ఆ పిల్లకి పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, ఏది దొరికితే అది గుప్పిట పట్టి వదలదు, అందుకని ఇంటిల్లిపాదీ దాన్ని ఓడదొంగ అంటున్నాం మామా, అని రాయించింది. ఆ మాటని నేను మార్చి చెప్పే పనిలేకపోయింది. యద్దా భుజాలు కదిలాయి. బురఖా కింద నవ్వుతోందని తెలిసింది.

దాని కింద ఇంకో నాలుగు వరసలున్నాయి, పిన్ని మాటల్లోనే. నేను చేరేసరికి పిల్లకి పంతొమ్మిది రోజులు. కాన్పు కష్టమైందట. నొప్పులప్పుడు మా పెద్దది రాత్రంతా అమ్మా, అమ్మా అని నన్ను పిలిచిందని వాళ్ళ అత్తగారు చెప్పింది. ఇప్పుడు కులాసాగానే ఉంది.

నా కళ్ళు ఆ వరసల మీంచి దాటి కింద సంతకం దాకా వెళ్ళి, మళ్ళీ పైకొచ్చాయి. యద్దా నా వేలు ఎక్కడుందో చూస్తోంది. చదివాను.

ఆవిడ నా వేలి పక్కన తన వేలు పెట్టింది. తర్వాత అంది, "ఆ ముక్క మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.